రెండంగుళములు తక్కువైన త్రాడు



శ్రీమద్భాగవత దశమస్కంధములోని ఉలూఖల బంధన ఘట్టమును మీలో వినని వారుండరు. పెరుగు చిలుకుచున్న తల్లి చెంతకు పాలకై వచ్చిన బాలుడు, ఆమె పొయ్యిమీద పొంగుచున్న పాలను దించుటకై లేచిపోగా, అలిగి కుండ పగులగొట్టెను. రోలెక్కి కూర్చుండి వెన్నను కోతికి పెట్టుచుండెను. యశోద కర్ర చేతబట్టి వెంటబడెను, అలసి సొలసి తుదకు పట్టుకొనెను. ఇంతవరకు అందరికిని కంఠస్థమే. ఆ తరువాత జరిగిన చిన్న విషయమును మనము సాధారణముగా దాటిపోవుచుందుము. కాటుక కన్నులు నులుముకొనుచు ఏడ్చుచున్న బిడ్డ భయపడినాడని తెలిసినంతనే ఆ తల్లి చేతిలోని కర్రను పారవేసినదని వ్యాసభగవానుడు చెప్పెను. కుండ పగిలినది నిజము. వెన్న పోయినది నిజము. బిడ్డ భయపడినదియు నిజము. ఈ మూడింటిలో ఆ గొల్లతల్లి కంటికి మూడవది ముందుగా కనబడినది.

నేటి ప్రసంగమును ఆ పారవేసిన కర్రమీదను, ఆ పిమ్మట రెండంగుళములు తక్కువైన త్రాడుమీదను నడుపదలచితిమి. దీనికొక కారణమున్నది. ప్రసంగానంతరము మావద్దకు వచ్చి మాటలాడు దంపతులలో, ఆటిజమ్ కలిగిన పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్యకాలమున పలువురు కనబడుచున్నారు. వారిలో కొందరి వేదన మిగిలినవారి వేదనకంటె భిన్నముగా నున్నది. "మా వాడు మాటలాడతాడు, తెలివైనవాడు, కాని చెప్పిన పని ఒక్కటి చేయడు. చెప్పకపోతే చేస్తాడు. ఇది జబ్బా, పొగరా?" అని వారడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము తెలియక ఎన్ని ఇండ్లలో ఎన్ని కర్రలు లేచుచున్నవో మనకు తెలియదు. కావున ఈ విషయమును దేవాలయ మండపములో చెప్పుట అనుచితము కాదని తోచినది.

మేము వైద్యులము కాము. చదివినదియు, చూచినదియు మనవి చేయుదుము. ఆటిజమ్ అనునది 1943లో అమెరికా దేశపు బాల్టిమోర్ నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతోను, మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ప్రకటించిన వ్యాసముతోను వైద్యలోకమున ప్రసిద్ధమైనది. ఇది అంటుకొనునది కాదు, మందుతో పోవునదియు కాదు. పుట్టుకతో వచ్చిన మెదడు తీరు. శబ్దము, స్పర్శ, వెలుతురు, ఎదుటివారి మాటలోని అంతరార్థము, ఇవి మనకు అందినట్లు ఆ పిల్లలకు అందవు. కొందరికి ఎక్కువగా తాకును, కొందరికి తక్కువగా. కొందరు మాటలాడనే లేరు, కొందరు ధారాళముగా మాటలాడుదురు.

ఇంగ్లండు దేశములో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎలిజబెత్ న్యూసన్ అను మనస్తత్త్వ శాస్త్రవేత్త 1980ల నాటినుండి ఇట్టి పిల్లలలో ఒక ప్రత్యేకమైన తీరును గుర్తించుచు వచ్చిరి. 2003లో సహచరులతో కలిసి ఒక వైద్యపత్రికలో విపులముగా ప్రకటించిరి. దానికామె పెట్టిన పేరు 'పెథలాజికల్ డిమాండ్ ఎవాయిడెన్స్'. ఎదుటివారు కోరిన దేనినైనను, అది ఎంత చిన్నదైనను, తప్పించుకొనక నిలువలేని స్థితి అని దాని భావము. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల గ్రంథములోగాని, 2022నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలోగాని దీనికి వేరుగా స్థానము లేదు. ఇది వేరొక స్థితియా, లేక ఆటిజమ్ కలిగిన పిల్లలలోని ఆందోళనకు ఒక ముఖమా అని పండితులు వాదించుకొనుచున్నారు. ఆటిజమ్ కలిగిన పెద్దలలో కొందరికి ఆ పేరే నచ్చలేదు. తమది రోగము కాదనియు, తమ బ్రతుకు తమ చేతిలో నుండవలెనను ఎడతెగని తపన యనియు వారు చెప్పుదురు. ఆ మాటయందు న్యాయమున్నదని మాకు తోచుచున్నది. ఏమైనను ఈ తగవు పండితులది. ఉదయము ఎనిమిది గంటలకు బడి ఆటో వీధి మొగలో నిలిచి హారన్ కొట్టుచుండగా, చొక్కాలేని బిడ్డ మంచము క్రింద దూరి కూర్చున్న తల్లికి ఆ తగవుతో పనిలేదు.

మాకు తెలిసిన ఒక ఇంటిలో తొమ్మిదేండ్ల బాలుడు గలడు. తల్లి "స్నానానికి రా నాన్నా" అని మెత్తగానే పిలుచును. "నా కాళ్ళు పనిచేయటం లేదు" అనును. మరల పిలిచినచో "నేను పిల్లిని, పిల్లులు స్నానం చేయవు" అని నాలుగు కాళ్ళమీద నడచును. ఇంకొకమారు పిలిచినచో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఏయే స్టేషన్లలో ఆగునో ఏకరువు పెట్టును. చేయి పట్టి లాగినచో కథ మారిపోవును. కొరుకును, తన్నును, తలను గోడకు కొట్టుకొనును, అరగంట సేపు కేకలు. ఆ పిమ్మట ఒడలు వణకుచు ముడుచుకొని పడుకొనును. అదే బాలుడు ఆ సాయంకాలము ఎవరును చెప్పకుండగనే బక్కెటలో నీళ్ళు నింపుకొని గంటసేపు స్నానము చేసెను. ఇంటిలోని పెద్దలు దానిని చూచి, "చూశారా, చేతకాక కాదు, మనమంటే లెక్కలేదు" అనిరి.

సామాన్యముగా ఎవరైనను అట్లే అనుకొందురు. అయితే ఆ ఇంటిలో జరిగిన వేరొక విషయమును వినుడు. ఆ బాలునికి రైళ్ళనిన ప్రాణము. ఆదివారము స్టేషనుకు వెళ్ళవలెనని తానే కోరి, వారమంతయు రోజులు లెక్కపెట్టుకొనెను. ఆదివారము వచ్చినది. తండ్రి చెప్పులు తొడిగి "పద" అనెను. బాలుడు గడప దాటలేకపోయెను. చెప్పులు చేతబట్టుకొని కూర్చుండి ఏడ్చెను, రైలు సమయము దాటిపోయెను. పొగరే అయినచో, తనకు ప్రాణమైన దానిని తానే ఏల పోగొట్టుకొనును? ఎవరిమీది కసితో? ఈ ఒక్క ప్రశ్నను ఆ తండ్రి పట్టుకొనెను. అక్కడినుండి ఆ ఇంటి తీరు మారుట మొదలైనది.

ఇటువంటి పిల్లలకు కోరిక యనునది, అది తల్లిది కానిండు, గురువుది కానిండు, తన కడుపులోని ఆకలిది కానిండు, ఒక్కొక్కప్పుడు మీదికి వచ్చుచున్న బండివలె తోచును. బండి మీదికి వచ్చునపుడు మనము ఆలోచింపము, ప్రక్కకు దూకుదుము. దూకుటకు చోటు లేనిచో చేతులడ్డము పెట్టుదుము. కాళ్ళు పనిచేయటం లేదనుట ప్రక్కకు దూకుట. పిల్లినగుట ప్రక్కకు దూకుట. కొరుకుట చేతులడ్డము పెట్టుట. వీనిని మనము క్రమముగా అబద్ధము, వేషము, దౌర్జన్యము అని పిలుచుచున్నాము. సాయంకాలము స్నానము చేయగలిగినవాడు ఉదయము చేయలేకపోవుటకు కారణము ఇదియే. నీళ్ళు అవే, బక్కెట అదే. ఉదయము ఒక పిలుపున్నది, సాయంకాలము లేదు. ఒక పనిని చేయగల శక్తి భయము లేనపుడు ఉండి, భయమున్నపుడు లేకపోవుట పెద్దలకును గలదు. ఇంటిలో చక్కగా పాడు అమ్మాయి పెండ్లిచూపులలో గొంతు పెగలక కూర్చుండుట మనము చూడలేదా?

ఇప్పుడు ఉపాయముల మాటకు వత్తము. సామ దాన భేద దండములని నాలుగు ఉపాయములు మన రాజనీతిలో నున్నవి. పరరాజులను వశపరచుకొనుటకు చెప్పబడిన ఈ నాలుగింటిని మనము ఏ సంకోచమును లేక పిల్లల పెంపకమునకు తెచ్చుకొంటిమి. పెక్కుమంది పిల్లల విషయములో ఇవి ఎంతోకొంత పనిచేయుచున్నందున, వీనిని గూర్చి మరల ఆలోచింపవలసిన అవసరము మనకు రాలేదు.

దండము సంగతి చెప్పనక్కరలేదు, భయముతో కొట్టుకొనుచున్న వానికి మరికొంత భయమును చేర్చుట అది. భేదమనగా, "ఎదురింటి పిల్లవాణ్ణి చూడు, ఎంత బుద్ధిమంతుడో" అనుట. దాని ఫలము ఎదురింటి పిల్లవానితో ఆట మానుకొనుట. ఆశ్చర్యము కలిగించునవి మిగిలిన రెండు. దానము, అనగా బహుమానము. బడులలో గోడమీద పట్టిక వ్రేలాడదీసి, చెప్పిన పని చేసినపుడెల్ల ఒక చుక్క అంటించి, పది చుక్కలకు ఒక బొమ్మ యిచ్చు పద్ధతి నేడు వాడుకలోనున్నది. చాలమంది పిల్లలకు అది ఉత్సాహకరమే. ఇట్టి పిల్లవానికో, అన్నము తినవలెనను కోరికకు తోడు చుక్కను సంపాదింపవలెనను రెండవ కోరిక వచ్చి చేరినది. పైగా బొమ్మ చేజారునేమోయను మూడవ దిగులు. ఒక బరువు మోయలేనివానికి మూడు బరువులు ఎత్తినట్లు. ఇక సామము. "మా బంగారుకొండ, ఈ రోజు ఎంత చక్కగా తిన్నావో!" అని తల్లి మెచ్చుకొనును. మరునాడు బంగారుకొండ పళ్ళెము ముట్టడు. ఆ తల్లి కన్నీరు పెట్టుకొని, ప్రేమకూడ పనిచేయదా అని అడిగినది. ఆ మెప్పుదలలో బిడ్డకు వినబడినది ప్రేమ కాదు, రేపును ఇట్లే తినవలెనను ఆజ్ఞ.

యశోద ఇంటిలోని త్రాళ్ళన్నియు తెచ్చి ముడివేసినది. ప్రతిమారును రెండంగుళములు తక్కువ. ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని ప్రయత్నమనియు, రెండవది భగవంతుని కృపయనియు పెద్దలు వ్యాఖ్యానించిరి. ఆమె అలసటను చూచి కృష్ణుడు తానుగా కట్టుబడెను. త్రాడు పొడవు పెరిగినందువలన కాదు. పరమాత్మ లీలను సామాన్య శిశువునకు పోల్చుట తగునా యని శంకింపవలదు. లీలలు మనము నేర్చుకొనుటకే గదా. నాలుగు ఉపాయములును త్రాళ్ళే. ఈ పిల్లలయందు నాలుగును కలిపి ముడివేసినను రెండంగుళములు తక్కువగనే యుండును. ఆ రెండంగుళములు బిడ్డ తనంత తానుగా ఇవ్వవలసినవి. భయము తగ్గనిదే బిడ్డ వానిని ఇవ్వలేడు.

అయినచో చేయవలసినదేమి? మొట్టమొదట త్రాళ్ళను లెక్కించుకొనవలెను. ఒకనాటి ఉదయము ఒక కాగితము తీసికొని, బిడ్డ లేచినది మొదలు ఇల్లు విడుచువరకు వానికి మనమిచ్చు ఆజ్ఞలను వ్రాయుడు. లే. పళ్ళు తోముకో. పాలు తాగు. స్నానానికి రా. చొక్కా వేసుకో. తల దువ్వుకో. దేవుడికి దణ్ణం పెట్టుకో. టిఫిన్ తిను. సంచి తీసుకో. చెప్పులు వేసుకో. ఇవి పది. వీని నడుమ "త్వరగా" అనునది ఎన్నిమారులో లెక్కలేదు. ఈ పదింటిలో నేడు జరుగకున్న ప్రాణాపాయము కలుగునది ఏది? ఒకటియు లేదు. తల ఒకనాడు దువ్వకున్న కొంప మునుగదు. స్నానము సాయంకాలము కావచ్చును. పాలు గ్లాసులో పోసి ఎదుట పెట్టి ఊరకుండవచ్చును. రోడ్డు, నిప్పు, వైద్యుడు వ్రాసిన మందు, ఇతరులను కొట్టుట, ఇట్టివి విడువరానివి. వానిని నాలుగింటికి మించనీయక, మిగిలిన వానిని సడలించిన ఇండ్లలో తుపానులు తగ్గుట మేము చూచితిమి. బిడ్డలోని ఓర్పు ఒక చిన్న కూజాలోని నీరు వంటిది. తల దువ్వుటకు దానిని ఒలకబోసిన తరువాత బడికి మిగులదు.

రెండవది మాట తీరు. ఈ విషయములో మన తెలుగు మనకు గొప్ప సహాయము చేయును. ఆజ్ఞను ఆజ్ఞగా కాక, ఉన్నమాటగా చెప్పు అలవాటు మన భాషకు సహజముగనే యున్నది. "స్నానానికి రా" అనుటకు బదులు "నీళ్ళు కాగాయి" అని గాలిలోనికి అన్నట్లు అని, తల్లి తన పనిమీద తాను పోవచ్చును. "చొక్కా వేసుకో" అనుటకు బదులు, చొక్కాను తిరగవేసి పట్టుకొని, "దీని బొత్తాలు ఎటువైపో నాకు తెలియటం లేదే" అని తనలో తాననుకొనవచ్చును. "తిను" అను మాటనే పలుకకుండ పిల్లల కడుపు నింపిన అమ్మమ్మలు మనకు లేరా? ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద అని కలిపి ప్రక్కన పెట్టుచు, ఏదో కథ చెప్పుచుండగా, పిల్లవాడు కాకి ముద్దను దొంగిలించి తినెడివాడు. ఆమె ఏ మనస్తత్త్వ శాస్త్రమును చదివినది కాదు. బిడ్డకు తినవలసిన బాధ్యత తొలగి, దొంగిలించు స్వేచ్ఛ దొరికినది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మాట తీరు మోసము కారాదు. నీళ్ళు కాగాయని చెప్పి ఐదు నిమిషములకు చేయి పట్టి లాగినచో, ఆ బిడ్డ ఇక "నీళ్ళు కాగాయి" అను మాటను విన్నను మంచము క్రింద దూరును. ఇట్టి పిల్లలు మన మాటలలోని వలను మనకంటె ముందుగా పసిగట్టుదురు. రానిచో రాకపోవుటకు నిజముగనే చోటుండవలెను. నిన్న పనిచేసిన మాట నేడు పనిచేయకపోవుటయు కలదు. దానికి నిరుత్సాహపడవలదు.

తుపాను వచ్చినపుడు మాటలు తగ్గింపుడు. ప్రశ్నలు వేయవలదు. ప్రశ్నయు ఒక కోరికయే గదా. టీవీ ఆపి, చుట్టుచేరిన వారిని పంపివేసి, తలకు దెబ్బ తగులకుండ దిండు అడ్డము పెట్టి, కొంచెము దూరములో కూర్చుండవలెను. అణగిన పిమ్మట ఉపదేశమును మొదలుపెట్టవలదు. ఆ బాలుడు ఒకనాడు రాత్రి తల్లి ప్రక్కన పడుకొని "నేను చెడ్డవాణ్ణా అమ్మా?" అని అడిగెనట. ఉపదేశము వానికి మనము చెప్పకమునుపే అందినది. అవసరమైనదానికంటె ఎక్కువగనే అందినది.

మీలో పెద్దలు కొందరు ఈపాటికి అసహనముగా కదలుచుండవచ్చును. "మొక్కై వంగనిది మానై వంగునా? మా తండ్రులు మమ్ము కొట్టి పెంచినారు, మేము చెడిపోయితిమా?" అని. ఆ సామెత వంగు స్వభావము గల మొక్కను గూర్చి చెప్పినది. అత్తిపత్తి మొక్కను ఎవరైన వంచి చూచినారా? వ్రేలు తగిలినంతనే ముడుచుకొనును. ముడుచుకొన్నదని దానిని ఎవరును తిట్టరు. మరల విచ్చుకొనువరకు చేయి వెనుకకు తీసికొందురు. అట్లని మొండికెత్తిన ప్రతి బిడ్డయు ఇట్టివాడని మేము చెప్పుటలేదు. ఈ ప్రసంగమును విని ఇంటికి వెళ్ళి ఎవరికి వారు పిల్లలకు ఈ పేరును తగిలింపవలదు. వినికిడి లోపమా, పంటి నొప్పియా, మూర్ఛయా, బడిలో ఎవరైన ఏడిపించుచున్నారా, ఇవన్నియు ముందుగా చూడవలసినవి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ యున్నది. ఆటిజమును కొలుచుటకు మన దేశపు పిల్లలకు తగినట్లుగా నలువది అంశముల కొలబద్దను తయారుచేసినది ఆ సంస్థయే.

తోడబుట్టినవారి మాట చెప్పక విడువరాదు. "అన్నకు ఒక న్యాయం, నాకొక న్యాయమా?" అని చెల్లెలు అడుగును. న్యాయమైన ప్రశ్నయే. అన్నకు పళ్ళెము ఎదుట పెట్టి ఊరకుండిన తల్లి, చెల్లెలిని హోమ్‌వర్కు చేయుమని గద్దించుచుండును. ఆమెకు నిజము చెప్పవలెను, అన్నకు కొన్ని మాటలు పెద్ద చప్పుడువలె తగులునని. దానితోపాటు దినమునకు కొంత సమయమైనను తల్లియో తండ్రియో ఆమెకే కేటాయింపవలెను. మాటలతో మాత్రమే సమాధానపరచిన చెల్లెండ్రు పెద్దవారైన తరువాత ఆ బాకీని గుర్తుపెట్టుకొందురు.

పంచమస్కంధములో జడభరతుని కథ గలదు. తెలుగు భాగవతమున ఆ స్కంధమును రచించినది పోతనామాత్యుడు కాదు, గంగన. రహూగణుడను రాజు పల్లకిలో పోవుచుండగా బోయీ ఒకడు తక్కువైనందున, దారిలో కనబడిన దృఢకాయుడైన జడభరతుని పట్టి తెచ్చి మోయించిరి. అతడు కాలి క్రింద చీమ పడునేమోయని బాణము వేటు దూరము నేలను చూచుకొని అడుగు వేయుచుండెను. మిగిలిన బోయీల అడుగుతో అతని అడుగు కలియలేదు. పల్లకి ఎగిరెగిరి పడినది. రాజు లోపలినుండి ఎత్తిపొడిచెను, బెదిరించెను. పల్లకిలోనున్న వానికి కుదుపు మాత్రమే తెలియును, చీమ కనబడదు. చీమను చూడవలెనన్న దిగవలెను. జడభరతుని మాటలు విన్న పిదప రహూగణుడు దిగెను.

జడభరతునికి ఆటిజమని చెప్పు సాహసము మేము చేయము. అతడు జ్ఞాని. మేము చెప్పదలచినది పల్లకిలోని వారిని గూర్చి. బస్సులోను, పెండ్లి పందిరిలోను, ఈ ఆలయ ప్రాంగణములోను, తొమ్మిదేండ్ల బాలుడు నేలమీద పొర్లాడుచున్నపుడు చుట్టునున్న మనమందరము పల్లకిలోనే కూర్చుండి యున్నాము. "తల్లి పెంపకం", "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అను మాటలు అక్కడినుండియే వచ్చును.

తల్లి పెంపకమను ఈ నింద మన దేశములో మాత్రమే పుట్టినది కాదు. అమెరికాలో బ్రూనో బెటెల్‌హైమ్ అనువాడు 1967లో ఒక గ్రంథము వ్రాసి, తల్లుల హృదయములోని చల్లదనమే ఆటిజమునకు మూలమని ప్రచారము చేసెను. ఎందరో తల్లులు ఆ మాటకు క్రుంగిపోయిరి. అంతకు మూడేండ్ల మునుపే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వవేత్త, తానును అట్టి బిడ్డకు తండ్రియై, దీని మూలము శరీరములో నున్నదిగాని పెంపకములో లేదని గ్రంథము వ్రాసియుండెను. కాలక్రమమున రిమ్లాండ్ మాటయే నిలిచినది. అయినను మన ఇండ్లలో బెటెల్‌హైమ్ ఇంకను బ్రతికియున్నాడు, ఒక్కొక్కచోట అత్తగారి రూపములో, ఒక్కొక్కచోట ఆడపడుచు రూపములో. పూర్వజన్మ కర్మమని తల్లి ముఖముమీద అనువారును గలరు. కర్మసిద్ధాంతము ఎవరికి వారు తమను తాము పరీక్షించుకొనుటకు చెప్పబడినదిగాని, ఇతరుల గాయమున కారము చల్లుటకు కాదు. దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట మీకు మనశ్శాంతినిచ్చినచో చేసికొనుడు. స్పర్శయే ముల్లువలె తగులు బిడ్డను నలుగురు పట్టుకొని తాయెత్తు కట్టవలదు. దానికై వైద్యుని వద్దకు పోవుట మానవలదు.

చట్టము సంగతి క్లుప్తముగా మనవి చేయుదుము. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజమునకు స్థానము లేదు. 2016 చట్టములో చెప్పబడిన ఇరువదియొక్క స్థితులలో అదియు నొకటి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్య బీమా లక్ష రూపాయలవరకు గలదు. 2009 విద్యాహక్కు చట్టము బడిలో బిడ్డను కొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినది. "మా బడిలో ఇలాంటివాళ్ళను దారిలో పెడతాం" అని బెత్తము చూపు ఉపాధ్యాయుడు ఎదురైనచో ఈ సంవత్సరమును గుర్తుచేయుడు.

ఇక మన ఆలయము. ఇట్టి బిడ్డకు దేవాలయమనగా ఎన్ని ఆజ్ఞలో ఆలోచింపుడు. చెప్పులు విడువుము. వరుసలో నిలువుము. గంట కొట్టుము. కన్నులు మూసికొనుము. చేయి చాపుము. తల వంచుము. శఠగోపము చెప్పకుండగనే తలమీదికి వచ్చును. హారతివేళ భేరి మ్రోగును. దర్శనమై బయటికి వచ్చినంతనే ఎవరో ఒక పెద్దాయన "ఏదీ, ఒక శ్లోకం చెప్పు బాబూ" అనును. ఆ బాలుని కుటుంబము రెండేండ్లుగా ఏ ఆలయమునకును పోవుటలేదు. వారికి దేవునిమీద కోపము లేదు, ఒకనాడు వరుసలో విన్న మాటను మరల వినలేక మానుకొనిరి.

కావున ధర్మకర్తలకును, అర్చకస్వాములకును, మీకును మా విన్నపము. మధ్యాహ్నము తలుపులు వేయుటకు ముందు ప్రాంగణము ఖాళీగనుండు వేళ ఈ కుటుంబములను రానిండు. భేరి స్విచ్చి ఆ కొంతసేపు ఆపియుంచుడు. బిడ్డ ధ్వజస్తంభము వద్దనే నిలిచి చెవులు మూసికొన్నచో, అక్కడినుండియే దర్శనమైనదని భావింపుడు. లోపలికి రమ్మని ఎవరును పిలువవలదు. నేలమీద పడుకొన్నచో ప్రక్కనుండి నడచిపొండు. తల్లి చేతిలోని పూలబుట్టను ఎవరైన అందుకొన్నచో ఆమె రెండు చేతులును ఖాళీయగును. తీర్థమునకు చేయి చాపనిచో, చిన్న గిన్నెలో పోసి అరుగుమీద పెట్టి, అర్చకస్వామి వేరొక పనిమీద అటు తిరుగవచ్చును. ప్రసాదపు దొన్నెయు అట్లే. బిడ్డ తీసికొనిన తీసికొనును, లేకున్న తల్లి ఇంటికి పట్టుకొనిపోవును.

రేపు సాయంకాలము ఆరున్నర గంటలకు యమళార్జున భంజన ఘట్టమును ప్రారంభింతము. ఇట్టి పిల్లలున్నవారు ఉత్తరపు ద్వారము వైపు కూర్చున్నచో, నడుమ లేచి వెళ్ళవలసి వచ్చినను మెట్లు దగ్గరలో నుండును. మేము ప్రసంగమును ఆపము. మీరును వెనుదిరిగి చూడవలదని సభవారిని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.